దేవుడి పెట్టెలో డిస్‌ప్లే డ్రైవర్

1997 శ్రావణమాసం. ఖమ్మంలో వైరా రోడ్డు మీద ఒక కంప్యూటర్ షాపులో సర్వీస్ ఇంజనీరుగా నాకు అప్పటికి మూడో ఏడు నడుస్తోంది. ఇంజనీరు అన్నది విజిటింగ్ కార్డు మీద మాట. నేను చదివింది ఐటిఐ ఎలక్ట్రానిక్స్. పొద్దున ఖానాపురం హవేలిలో కిరాయి గది నుంచి బయల్దేరితే తల్లాడ నుంచి భద్రాచలం దాకా ఎక్కడ మిషను మొరాయించినా స్క్రూడ్రైవర్ల సంచి భుజానికి తగిలించుకుని బస్సెక్కడమే నా ఉద్యోగం.

ఆ రోజుల్లో నాకు కాస్త పొగరు కూడా ఉండేది. కస్టమర్ చెప్పేది సగం వినేలోపే జబ్బేమిటో తేల్చేసేవాణ్ని. పదింట ఎనిమిదిసార్లు అదే నిజమయ్యేది. మిగిలిన రెండుసార్లు ఎవరూ నన్ను గట్టిగా అడగలేదు కాబట్టి పొగరు అలాగే ఉండిపోయింది.

సారపాకలో కోటేశ్వరరావు గారని ఒకాయన డీటీపీ సెంటర్ నడిపేవారు. డీటీపీ అంటే శుభలేఖలు, కరపత్రాలు, బడి ప్రశ్నపత్రాలు కంప్యూటర్లో తెలుగులో కొట్టి, బొమ్మలు పెట్టి, ప్రెస్సుకు పంపే పని. అంతకుముందు ఆయనది టైపు ఇన్‌స్టిట్యూట్. కంప్యూటర్ కొన్నారు గానీ దాన్ని ముట్టుకోవాలంటే ఆయనకు భయం. మొత్తం పని సమ్మక్క అనే ఇరవయ్యేళ్ల అమ్మాయి చేతుల మీద నడిచేది. గోదావరి అవతల, చర్ల రోడ్డు దిగి లోపలికి నడిస్తే వచ్చే ఒక కోయగూడెం వాళ్లది. ఇంటర్ చదివి, టైపు లోయర్ ఆయన దగ్గరే ప్యాసై, అక్కడే ఆపరేటరుగా కుదిరింది. ఎండాకాలం తునికాకు కోతకు పోకుండా కుర్చీలో కూర్చుని పని చేస్తున్న మొదటి ఆడపిల్ల ఆ గూడెంలో ఆమేనని కోటేశ్వరరావు గారే ఒకసారి గొప్పగా చెప్పారు.

వాళ్ల తెలుగు సాఫ్ట్‌వేరుకు కొత్త వెర్షన్ వచ్చింది. దానికి విండోస్ 95 కావాలి. వాళ్ల మిషన్లో ఉన్నది అంతకుముందుది, 3.1. సీపీయూ డబ్బాను గోనెసంచిలో చుట్టి, బస్సులో ఖమ్మం పంపించారు. నేను సమ్మక్క కొట్టిన ఫైళ్లన్నీ ఫ్లాపీల్లోకి తీసి పెట్టుకున్నాను. ఆపైన పాత చెత్తంతా పోతుందని హార్డ్ డిస్కును ఫార్మాట్ కొట్టి, అంటే పూర్తిగా తుడిచేసి, విండోస్ 95 ఎక్కించి, ఆ ఫైళ్లు తిరిగి అందులో పెట్టాను. షాపులో పరీక్షకు వాడే మానిటర్ మీద చూస్తే ముత్యంలా వచ్చింది. కొత్త తెలుగు సాఫ్ట్‌వేర్ ఫ్లాపీలు వాళ్ల దగ్గరే ఉన్నాయి, ఎక్కించడం సమ్మక్కకు తెలుసు. అందుకని డబ్బా మళ్లీ గోనెసంచిలో చుట్టి బస్సెక్కించి ఆ సంగతి మర్చిపోయాను.

నాలుగో రోజు కోటేశ్వరరావు గారి ఫోన్. సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడం లేదట, బొమ్మలన్నీ సున్నం కొట్టినట్టు మచ్చలు మచ్చలుగా ఉన్నాయట. "నువ్వు మంచిగనే చేసి పంపినవ్ తమ్మీ. మా పిల్లనే ఏదో కెలికినట్టుంది" అన్నారు. నేను ఇంకో మిషను విప్పుకుని కూర్చున్నాను. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, "అయ్యుంటదన్నా. ఫ్లాపీలు వరుస తప్పి పెడితే గట్లనే అయితది" అనేశాను. శుక్రవారం వస్తానని చెప్పి పెట్టేశాను.

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటికి సారపాకలో దిగాను. పేపరు మిల్లు వాసన ఊరికి ముందే పలకరిస్తుంది, అలవాటు లేనివాళ్లు ముక్కు మూసుకుంటారు. వెదురు లారీల మధ్య నుంచి రోడ్డు దాటి వెళ్తే, సమ్మక్క షాపులో ఒక మూల స్టూలు మీద కూర్చుని కాగితాలు సర్దుతోంది. ఆమె కుర్చీ ఖాళీగా ఉంది. కోటేశ్వరరావు గారు నన్ను బయటికి పిలిచి మెల్లగా చెప్పారు.

"సోమవారం నుంచి కొత్తగూడెం పిల్లగాడొకడు వస్తున్నడు తమ్మీ. ఈ పిల్లకు రేపటితో ఆఖరని చెప్పిన. నువ్వు గూడ అంటివి గదా, ఫ్లాపీలు తప్పు పెట్టిందని."

ఆయన అడిగింది మిషను గురించి, నేను చెప్పింది నోటికొచ్చిన మాట. ఆ మాట మీద ఒక మనిషి ఉద్యోగం పోతోంది.

లోపలికొచ్చి ఏమైందని సమ్మక్కను అడిగాను. ఆమె తల ఎత్తకుండా జేబురుమాలంత కాగితం ఒకటి తీసి ఇచ్చింది. సాఫ్ట్‌వేర్ తెరవబోతే తెర మీద వచ్చిన ఇంగ్లీషు మాటలను ఒక్క అక్షరం పోకుండా దించుకుంది. ఈ ప్రోగ్రాం నడవాలంటే 256 రంగులు కావాలి, మీ మిషను 16 మాత్రమే చూపిస్తోంది అని దాని అర్థం.

"ఖమ్మం నుంచి వచ్చినంక మొదటిసారి ఆన్ చేసినప్పుడే రంగులు గిట్ల ఉండె సార్. నేను అప్పటికి ఒక్క ఫ్లాపీ గూడ పెట్టలే" అంది. ఈ కాగితం మీ సారుకు చూపించావా అంటే, చూపించాననీ, ఆయన చదవలేదనీ చెప్పింది.

ఆ కాగితం చదవగానే నా తప్పు నాకు పూర్తిగా అర్థమైంది. షాపులో మేం పరీక్షకు వాడే మానిటర్ మోనోక్రోమ్, అంటే నలుపూ తెలుపూ. దాని మీద పదహారు రంగులూ ఒకటే, రెండువందల యాభై ఆరూ ఒకటే. తెర మీదికి బొమ్మను పంపే సర్క్యూట్ ముక్కను డిస్‌ప్లే కార్డ్ అంటారు. ఆ కార్డుతో ఎలా మాట్లాడాలో విండోస్‌కు నేర్పే చిన్న ప్రోగ్రాం పేరు డ్రైవర్. డ్రైవర్ లేకపోతే విండోస్ ఏదో సైగలతో నెట్టుకొస్తుంది, పదహారు రంగులతో సరిపెడుతుంది. వాళ్ల మిషను డ్రైవర్ ఎక్కడుండాలి? నేను చెత్త అనుకుని తుడిచేసిన ఆ పాత ఫైళ్లలో ఉండాలి.

తప్పు నాదని అప్పుడే చెప్పాల్సింది. నోరు రాలేదు. ముందు బాగు చేద్దాం, తర్వాత చూద్దాం అనుకున్నాను. పిరికితనానికి అదొక మంచి పేరు.

డబ్బా విప్పి చూస్తే కార్డు ఊరూ పేరూ లేనిది. దాని మీద చిప్పు నంబరు నేనెప్పుడూ వినలేదు. నా సంచిలో పది రకాల కార్డుల డ్రైవర్ ఫ్లాపీలున్నాయి, పదీ పెట్టి చూశాను. ఒక్కటీ దాన్ని గుర్తుపట్టలేదు. విండోస్ జాబితాలో దగ్గరగా అనిపించిన పేరు ఒకటి ఎంచుకుంటే తెర మొత్తం నల్లబడింది. సేఫ్ మోడ్‌లో, అంటే కనీసం లేచి కూర్చునే స్థితిలో, మళ్లీ తెరిచి దాన్ని తీసేయాల్సి వచ్చింది. ఈలోగా రెండున్నర అయింది. ఇంటర్నెట్ అనేది హైదరాబాదులో ఉందని పేపర్లో చదవడమే. మర్నాడు నేను సత్తుపల్లిలో ఉండాలి, మళ్లీ ఇటు వచ్చేసరికి వారం. కొత్తగూడెం కుర్రాడు సోమవారమే వస్తాడు.

మిషనుతో పాటు వచ్చిన ఫ్లాపీలేవని కోటేశ్వరరావు గారిని అడిగాను. అన్నీ బల్ల మీది ఫ్లాపీల డబ్బాలోనే ఉన్నాయన్నారు. వాటిలో డ్రైవర్ లేదని నేను అప్పటికే చూశాను. అప్పుడు మూల నుంచి సమ్మక్క అంది:

"ఓపెనింగు నాడు ఒక చిన్న అట్టపెట్టె పూజల పెట్టిన్రు సార్. పుస్తకమొకటి, ఫ్లాపీ ఒకటి ఉండె దాంట్ల. అమ్మ గారు ఇంట్లకు తీసుకపోయిన్రు."

ఇల్లు షాపు వెనకే. కోటేశ్వరరావు గారి భార్య ఆదిలక్ష్మి గారు పూజగది తలుపు తీసి చూపించారు. లక్ష్మీదేవి పటం పక్కన అట్టపెట్టె, దాని మీద ఫ్లాపీ. మూడేళ్లుగా ప్రతి శుక్రవారం దానికి పసుపు, కుంకుమ, అక్షింతలు. ఆ పొద్దున పెట్టిన బొట్టు ఇంకా తడిగానే ఉంది. అప్పుడు తెలిసింది, మా షాపువాళ్లు మిషను అప్పజెబుతూ "ఇది జాగ్రత్త, దీనిలోనే ప్రాణముంది" అని చెప్పారట. ఆవిడ అక్షరాలా అంత జాగ్రత్తా తీసుకున్నారు.

నేను చెయ్యి చాపబోతే ఆవిడ ఆపారు. ఆ డ్రైవర్ అనేటోడు మా దేవుని పెట్టెలో ఎందుకుంటాడని ఒక అనుమానం. అది తీర్చాక అసలు అడ్డంకి చెప్పారు.

"శుక్రవారం తమ్ముడూ. అందుల శ్రావణం. ఇంట్ల లచ్చిమి గడప దాటొద్దు. రేప్పొద్దున రా, నేనే తీసిస్త."

రేపు నేను రాలేను వదినా అని బతిమాలాను. కోటేశ్వరరావు గారు గట్టిగా చెప్పబోయి, ఆవిడ ముఖం చూసి ఆగిపోయారు. నాకు లోపల చిరాకు మండుతోంది. మూఢనమ్మకాల మీద ఒక ఉపన్యాసం నాలుక చివరిదాకా వచ్చింది కూడా. తలుపు దగ్గర నిలబడిన సమ్మక్క మెల్లగా అడిగింది:

"అమ్మా, పెట్టె గడప దాటొద్దు గానీ, మిషను లోపటికి రావొచ్చు గదా?"

ఆదిలక్ష్మి గారు ఒక క్షణం ఆలోచించి నవ్వేశారు. "రానియ్యే పిల్లా. లోపటికొచ్చే లచ్చిమిని ఎవరొద్దంటరు" అన్నారు.

అలా ఆ కంప్యూటర్ ఇంట్లోకి ఊరేగింది. మానిటర్ను కోటేశ్వరరావు గారు గొణుక్కుంటూ మోశారు, డబ్బాను నేను, వైర్లన్నీ సమ్మక్క. పూజగదిలో ప్లగ్గు లేదు, అందుకని వంటింటి గట్టు మీద రుబ్బిన పిండి గిన్నె జరిపి, మిక్సీ ప్లగ్గులో పెట్టాం. ఆదిలక్ష్మి గారు దణ్ణం పెట్టుకుని ఫ్లాపీ తెచ్చి నా చేతిలో పెట్టారు.

పెడితే గర్రుమంది తప్ప చదవలేదు. రేకు మూత జరిపి చూశాను. లోపలంతా పసుపు, దీపం నూనెతో కలిసి ముద్దకట్టింది. అలాంటి స్థితిలో ఫ్లాపీని మామూలుగా అయితే పారేస్తాం. నేను బ్లేడుతో దాని ప్లాస్టిక్ డొల్ల విప్పి, లోపలి నల్లటి పలచని బిళ్లను బయటికి తీశాను. డ్రైవ్ శుభ్రం చేయడానికి నా దగ్గరుండే స్పిరిట్లో దూది ముంచి, రెండువైపులా గీత పడకుండా తుడిచాను. బిళ్ల కదలకుండా సమ్మక్క అంచు పట్టుకుంది. ఆరాక దాన్ని నా ఫ్లాపీ ఒకదాని డొల్లలో పెట్టి మూశాం.

మొదటిసారి మళ్లీ గర్రుమంది. రెండోసారి ఆగి ఆగి తిరిగింది. ఫైళ్ల పేర్లు ఒక్కొక్కటే తెర మీదికి దిగాయి. అది పాత విండోస్‌కు రాసిన డ్రైవరే గానీ 95 దాన్ని కాదనకుండా తీసుకుంది. మిషను ఆపి మళ్లీ వెలిగించాం. సమ్మక్క ఒక పాత శుభలేఖ తెరిచింది. సీతారాముల బొమ్మలో ఆకుపచ్చ ఆకుపచ్చగా, పసుపు పసుపుగా వచ్చింది. నాకు ఒళ్లంతా తేలికైపోయింది, అక్కడే గట్టుకు ఆనుకుని నిలబడిపోయాను. ఆదిలక్ష్మి గారు ఏమీ అడగకుండానే అందరికీ చాయ్ పెట్టారు.

కోటేశ్వరరావు గారు ఊపిరి పీల్చుకుని సమ్మక్క వైపు తిరిగారు. "సరే, అయిందేదో అయింది. ఇగనన్న పనికి పోయిన కాడ జాగ్రత్తగ చెయ్యి" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. అంటే మిషను బాగుపడినా ఆ పిల్ల మీద పడ్డ తప్పు అలాగే ఉంది, ఉద్యోగం కూడా పోయినట్టే ఉంది. ఇంక నేను ఊరుకోలేకపోయాను.

"అన్నా, ఆ పిల్ల తప్పు లేదు. తప్పు నాది. డ్రైవర్ తుడిచేసింది నేనే. రంగులు చూడకుండ పంపింది నేనే."

"మరి ఫోన్ల గట్లంటివి గద తమ్మీ?"

"తెలవకుండ అన్న. ఆ పిల్ల రాసిన కాగితం ఒక్కసారి చదివినా తెలిసేది. మీరు చదవలే, నేను అడగలే."

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టి షాపులోకి వెళ్లారు. మేం మిషను సర్దుకుని తెచ్చేసరికి ఫోన్లో ఎవరితోనో, సోమవారం రావద్దు, అవసరం లేదు అని చెబుతున్నారు. ఫోను పెట్టి, సమ్మక్కను నేరుగా చూడలేక గోడ మీద క్యాలెండరు చూస్తూ, "ఆ ప్రశ్నపత్రాలు మంగళవారంలోగా అయితయా?" అని అడిగారు. "అయితయ్ సార్" అని ఆమె తన కుర్చీలో కూర్చుంది. ఆయన చెప్పిన క్షమాపణ అంతే. ఆమెకు అది సరిపోయినట్టే ఉంది.

నేను సంచి తగిలించుకుంటుంటే ఆమె కీబోర్డు మీద నుంచి తల ఎత్తింది.

"ఇంటికాడ ఇంకా చెప్పలే సార్, పని పోయిందని. రెండు రోజులైంది, ఎట్ల చెప్పాల్నో తెలవలే. ఇగ చెప్పే పని లేదు."

ఈ మాట నవ్వుతూనే అంది. నాకు మాత్రం బస్సులో పాల్వంచ దాటేదాకా అదే చెవుల్లో తిరిగింది. సంతోషమే, కానీ సిగ్గుతో కలిసిన సంతోషం.

ఆ తర్వాత మా షాపులో పోరు పెట్టి రంగుల మానిటర్ కొనిపించాను. ఫార్మాట్ కొట్టేముందు పాత డ్రైవర్లు తీసి పెట్టుకోవడం ఆనాటి నుంచే మొదలైంది. కొన్నేళ్లకు ఇంటర్నెట్ వచ్చి డ్రైవర్లు వెతకడం పిల్లలాటైపోయింది. నాకొచ్చే ఫోన్లు మాత్రం మారలేదు. మిషను బాగనే ఉంది, మా పిల్లే పాడుచేసింది, మా పిల్లగాడే కెలికిండు అని ఇప్పటికీ వారానికొకరు చెబుతారు. నేను అవునని అనను, కాదని కూడా అనను. ముందు ఫోన్ వాళ్లకివ్వండి అంటాను.