కాలువ కట్ట మీద బెల్లు

దయ్యాలంటూ ఉంటే అవి ముందుగా నాకే కనపడాలి. మదనపల్లెలో ఒక ఆసుపత్రిలో ఇరవై ఏళ్లుగా నర్సుగా చేస్తున్నాను. ప్రాణం పోయినవాళ్లకు ముఖం తుడిచి, దవడ కట్టి, దుప్పటి కప్పి, చేతులు కడుక్కుని పక్క మంచం మనిషికి మందులిచ్చాను. ఒక్కరూ తిరిగొచ్చి పలకరించలేదు. మా వార్డులో ఆయాలు ఎవరైనా తెల్లచీర కథ మొదలుపెడితే "మీకు పనీపాటా లేదా" అని కసురుకునేదాన్ని.

ఇప్పుడూ నమ్మను. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

మా ఆయన పేరు దానియేలు. పాల డెయిరీలో సూపర్‌వైజరు. షుగర్ వచ్చి చాలాకాలమైంది, రోజూ ఇన్సులిన్ వేసుకోవాలి. డాక్టరు వ్యాయామం చేయమంటే నడవడానికి బద్ధకించి, కంకర దారుల్లో పోయే లావు టైర్ల సైకిళ్లు రెండు కొన్నాడు, ఒకటి తనకు, ఒకటి నాకు. నన్నడిగితే సెలవు రోజున నాకు కావాల్సింది నిద్ర. వారమంతా డ్యూటీలు చేసి కాళ్లు పీక్కుపోతుంటే మళ్లీ పెడల్ తొక్కడమేంటి, నా తలకాయ!

కానీ ఆయన్ను ఒంటరిగా పంపలేను. షుగర్ పడిపోయిందంటే మనిషి తాగినవాడిలా తూలతాడు, నోట మాట రాదు, ఎవర్నీ పిలవలేడు. ఒకసారి ఇంట్లోనే బాత్రూములో అలా కూలబడిపోయాడు. పక్క గదిలో ఉన్న నాకు చిన్న చప్పుడు కూడా వినపడలేదు. ఆ రోజు నుంచి ఆ భయం నన్ను వదల్లేదు.

మా వైపు ఇప్పుడు పుంగనూరు మీదుగా కుప్పం దాకా కాలువ వచ్చింది. దాని కట్ట మీద కంకర రోడ్డు. బస్సు లేదు, లారీ లేదు, హారన్ మోత లేదు. ఒక పక్క సిమెంటు వాలుగోడల మధ్య నీళ్లు, ఇంకో పక్క రాగి చేలు, టమాటా తోటలు. ఆ కట్ట మీద కుప్పం దాకా పోవాలని మా ఆయనకు పెద్ద కోరిక. నేను రెండు రోజులు లీవు పెట్టాను.

కంకర మీద వెనక్కి తిరిగి చూస్తే హ్యాండిల్ కూడా తిరిగిపోతుంది, సైకిల్ జారుతుంది. అందుకని మేమిద్దరం ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఆయన ముందుంటే ఎక్కడా ఆగడు కాబట్టి ముందు నేనే పోవాలి. నేను ఒకసారి బెల్లు కొడితే వెనకనుంచి ఆయన రెండుసార్లు కొట్టాలి. రెండు వినపడితే మనిషి బాగున్నట్టు. వినపడకపోతే నేను ఆగి, దిగి, చూడాలి. చూసినవాళ్లకు చిన్నపిల్లల ఆటలా ఉంటుంది గానీ నాకు అదే ధైర్యం.

మొదటి రాత్రి పలమనేరు దగ్గర చుట్టాలింట్లో పడుకున్నాం. పొద్దున ఆయన ఇన్సులిన్ వేసుకుని, కాస్త ఉప్మా తిని చాలన్నాడు. రామకుప్పంలో కడుపునిండా తిందామనుకున్నాం. దారిలో నా టైరు పంక్చరైంది. పంక్చరు వేసుకునేసరికి పొద్దెక్కిపోయింది. కంకర కుదుపులకు ఆయన బెల్లు స్క్రూ కూడా వదులై, గుండ్రటి మూత ఊడి రోడ్డు మీద పడింది. స్క్రూ ఎంత వెతికినా దొరకలేదు. మూతను నా చేతిరుమాల్లో చుట్టి నా బ్యాగులో వేసుకున్నాను. మూత లేకపోతే ఆ బెల్లు టక్కుమంటుంది గానీ మోగదు. నేను బెల్లు కొడితే ఆయన నోటితో "ఉండా!" అని అరవాలని చెప్పుకున్నాం.

కొంతదూరం అలాగే పోయాం. నేను కొట్టడం, ఆయన "ఉండా!" అనడం.

ఎండ నెత్తి మీదికొచ్చింది. ఎదురుగాలి. ఒళ్లు హూనమైపోయింది. అప్పుడు వెనకనుంచి బెల్లు మోగింది. ట్రింగ్, ట్రింగ్. నేను కొట్టకుండానే. కాసేపటికి మళ్లీ రెండుసార్లు. మళ్లీ రెండు.

మూత సంగతి నాకు అప్పుడు గుర్తుకు రాలేదు. ఆ అలసటలో నా పేరు అడిగినా చెప్పేదాన్ని కాదు. నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఏమప్పా, యాల ఊరికే కొడతాండావు? తొక్కల్యాక నేను సస్తాంటే నీకు ఆటగా ఉండాదా?" అని ముందుకు చూస్తూనే అరిచాను. బెల్లు మాత్రం ఆగలేదు. సరే కొట్టుకో పొమ్మని విసుగుతో నా బెల్లు ముట్టుకోనే లేదు.

చివరికి నాలుగు తిట్టాలనే సైకిల్ ఆపి కాలు కింద పెట్టాను. తిరిగి చూస్తే కట్ట ఖాళీగా ఉంది. ఎంత దూరం చూసినా తిన్నగా తెల్లటి కంకర రోడ్డు. మనిషి లేడు.

సైకిల్ తిప్పి తొక్కాను. అంత బలం ఎక్కడినుంచి వచ్చిందో తెలీదు. దూరంగా బెల్లు వినపడుతూనే ఉంది, రెండేసి. నేను దగ్గరయ్యేకొద్దీ చప్పుడు పెద్దదైంది. ఒకచోట నా పక్కనే మోగినట్టయి ఆగిపోయింది.

అక్కడ కాలువలోకి దిగడానికి మెట్లున్నాయి. పక్కన కంపచెట్లలో ఆయన సైకిల్ పడి ఉంది. బెల్లు మోగి ఉండకపోతే దాన్ని చూడకుండా దాటిపోయేదాన్నే.

మా ఆయన మెట్ల చివర నీళ్లలో ఉన్నాడు. నడుము దాకా మునిగి, ఒక చెయ్యి ఇనుప కమ్మీకి మెలేసి, తల వాల్చేసి ఉన్నాడు. ఒళ్లంతా చెమట. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ నన్ను గుర్తుపట్టలేదు. నాచు మీద నా కాలు జారుతోంది. రెక్క పట్టి లాగితే మనిషి కదల్లేదు. ఎన్ని శవాలను చూశానో, ఒక్కసారీ కన్నీళ్లు రాలేదు. ఆ రోజు "దేవా, ఈయన్ని తీసుకుపోవద్దు" అని గట్టిగానే ఏడ్చాను.

పైనుంచి ఎవరో పరిగెత్తుకుంటూ వచ్చారు. చెంగప్ప అని, పక్క చేనుకు కాపలా ఉన్న రైతు. చేతిలో టపాకాయల కట్ట. దాన్ని గట్టున పడేసి దిగాడు. ఇద్దరం కలిసి ఆయన్ను పైకి లాగాం. బ్యాగు బోర్లించి గ్లూకోజ్ పొడి వెతుకుతుంటే చేతిరుమాలు మూట కింద పడి విడిపోయింది. బెల్లు మూత.

నేను దాన్నే చూస్తూ ఉండిపోయాను. చెంగప్పే అరిచాడు, "ముందు ఆయప్ప నోట్లో ఏమన్నా పొయ్యమ్మా!"

గ్లూకోజ్ నీళ్లు కొంచెం కొంచెంగా తాగించాను. కాసేపటికి మా ఆయన కళ్లలోకి మనిషి తిరిగొచ్చాడు.

చెంగప్పను అడిగాను, ఇక్కడ మనుషులున్నట్టు నీకెలా తెలిసిందని.

"ఈ పక్క అడివిలోనించి ఏనుగులు దిగితే ముందు సూసినోళ్లు అన్నం తినే తట్టో, గంటో, ఏది దొరికితే అది కొడతారమ్మా. ఇనపడినోళ్లు టపాకాయలెత్తుకోని పోవాల. ఎవురో సైకిల్ బెల్లు రెండు, రెండు కొడతానే ఉండారు. ఏనుగొచ్చి ఉండాదేమోనని పరిగెత్తి వచ్చినా."

అంటే నాకు ఒక్కదానికే కాదు, చెంగప్పకూ వినపడింది. కట్ట మీద ఇంకో సైకిల్ లేదు. నా బెల్లు నేను కొట్టలేదు. మా ఆయన సైకిల్ లేవనెత్తి బెల్లు నొక్కి చూశాను. టక్, టక్. పక్కనున్న నాకే సరిగ్గా వినపడలేదు.

సాయంత్రం కుప్పంలో ఆయన తమ్ముడి ఇంట్లో అన్నం తిన్నాక అడిగాను, ఏం జరిగిందని. ముఖం కడుక్కుందామని మెట్లు దిగాడట. కాళ్లు తేలిపోయాయట.

"నిద్ర ముంచుకొచ్చేస్తాండె. కమ్మీ వదిలేద్దామనిపించె. నువ్వు ముందర బెల్లు కొడతానే ఉండావు గదా, ఒకటి కొట్టి ఆపతావు, మళ్లా ఒకటి. దీనికి జవాబు చెప్పాల, పండుకోగూడదు అనుకుంటానే పట్టుకోనుండాను."

నేను కొట్టలేదని ఆయనకు వెంటనే చెప్పలేకపోయాను.

మా పాస్టరుగారు దేవదూత అన్నారు. చెంగప్ప ఫోన్లో గంగమ్మ తల్లి అన్నాడు. నా తోటి నర్సు ఎండదెబ్బ అంది. ఎండదెబ్బ తగిలింది నాకైతే చెంగప్పకు ఎందుకు వినపడాలి? ఆలోచించీ ఆలోచించీ అలసిపోయాను. నాకు తెలీదు.

ఇప్పటికీ సెలవు దొరికితే కాలువ కట్ట మీదికే పోతాం. బెల్లుకు కొత్త స్క్రూ వేయించాం. నేను ఒకటి కొడతాను, వెనకనుంచి రెండు మోగుతాయి. కానీ ఇప్పుడు అవి వినపడినా సరే, సైకిల్ ఆపి, కాలు కింద పెట్టి, మా ఆయన్ను కళ్లారా చూసుకున్నాకే మళ్లీ తొక్కుతాను.