పచ్చ దీపం వెలగని నవమి

చేతికి కొత్తగా ఇంజనీరింగ్ పట్టా వచ్చిన ఆ రోజుల్లో నాకో గట్టి నమ్మకం ఉండేది. తెలియదన్నవాడికి ఉద్యోగం ఇవ్వరు, తెలుసన్నవాణ్ని రెండో ప్రశ్న అడగరు. (మొదటిది ఇప్పటికీ నిజమే.) అందుకే అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక సందులో, మెట్ల కింద ఇమిడిపోయిన ఆ దుకాణంలో, అందరూ పెద్దన్న అని పిలిచే యజమాని అరచేతిలో పట్టేంత కంప్యూటర్ బోర్డు చూపించి, "దీంట్ల కొత్త ఆపరేటింగ్ సిస్టం ఎక్కియ్యనీకి వస్తదా నీకు?" అని అడిగితే, "ఔ అన్నా, కాలేజీల మా పనే అది" అన్నాను. కాలేజీలో అలాంటి బోర్డును నేను చూసిన మాట వాస్తవం. అది అద్దాల బీరువాలో ఉండేది. బీరువాకు తాళం ఉండేది.

దవాఖానల్లో రోగుల టోకెన్ నంబర్లు చూపించే తెరలు తయారుచేయడం మా పని. ఒక్కో తెర వెనక ఒక్కో బోర్డు, దాని తెలివంతా గోరంత మెమరీ కార్డులో. పెద్దన్న నన్ను మూడు నెలలు చూసి, ఉంచుకునేదీ లేనిదీ చెబుతానన్నాడు. అదృష్టవశాత్తు రెండున్నర నెలలు ఏ బోర్డూ చెడిపోలేదు. సరిగ్గా మహర్నవమి పొద్దున నాంపల్లి కంటి దవాఖాన తెర ఆగిపోయింది. కార్డు పాడైందట. పెద్దన్న కొత్త కార్డు నా చేతిలో పెట్టి, "పూజ లోపల ఎక్కియ్యి. ఒక్కసారి ఆయుధ పూజ అయిందంటే రేపటి దాంక ఈడ ఏ సామాను ముట్టనియ్య" అన్నాడు.

కంప్యూటర్ ముందు కూర్చున్నాను. కార్డు మీద కొత్త సిస్టం రాసే ప్రోగ్రాం తెరిస్తే, ఎక్కడ రాయాలో ఎంచుకోమని రెండు పేర్లు చూపించింది. ఒకటి E, ఒకటి F. ఒకటి నా కొత్త కార్డు. రెండోది పెద్దన్న ఆరేళ్లుగా చేసిన ప్రతి తెర పనీ దాచుకున్న డిస్కు, ఆ కంప్యూటర్‌కు ఎప్పుడూ తగిలించే ఉంటుంది. ఏది ఏదో ప్రోగ్రాం చెప్పలేదు. 'ఇందులో ఉన్నదంతా చెరిగిపోతుంది, సరేనా?' అని మాత్రం చాలా మర్యాదగా అడిగింది. కార్డు పీకి, మళ్లీ పెట్టి, ఏ అక్షరం మాయమై తిరిగి వస్తుందో చూశాను. F. ఇంకోసారి పీకాను. F. మూడోసారి కూడా F. అప్పుడు కళ్లు మూసుకుని సరే నొక్కాను. (కళ్లు మూసుకోవడం ఎంత పెద్ద పొరపాటో నొక్కిన మరుక్షణం తట్టింది. నొక్కింది F మీదేనా?)

రాయడం అయిపోయిందని తెర మీద పడింది కానీ, అది తేల్చుకునేలోపే పూజ మొదలైంది. నలభై ఏళ్లుగా రేడియోలకూ టీవీలకూ టంకం వేసిన మా దుకాణం టంకం తాత కంప్యూటర్ ఆపించి, బంతిపూల దండ వేసి, స్క్రూడ్రైవర్లన్నిటికీ పసుపు కుంకుమ పెట్టాడు. నా దైవభక్తి పరీక్షల కాలంలో తప్ప కనిపించేది కాదు. ఆ రోజు కనిపించింది. ఎవరూ చూడకుండా కార్డును కూడా పళ్లెంలో పెట్టి, తడి పసుపు, దాని మీద కుంకుమ, కొంచెం ఎక్కువే అద్ది జేబులో వేసుకున్నాను.

నాంపల్లికి నడిచే వెళ్లాం. సామాన్లు ముట్టకూడదు కనుక తాత ఉత్త చేతులతో, పెళ్లికి వెళ్తున్నట్టు వచ్చాడు. దవాఖాన హాలు కిక్కిరిసి ఉంది. సిస్టర్ గొంతు పోయేలా నంబర్లు అరుస్తోంది. "వచ్చిన్రా తమ్మీ! జర జల్ది కానియ్యి." నేను బోర్డులో కార్డు దూర్చి కరెంటు ఇచ్చాను. ఎర్ర దీపం వెలిగింది. అంటే కరెంటు ఉంది. కార్డు చదువుతుంటే పచ్చ దీపం మినుకుమినుకుమనాలి. అనలేదు. తీసి పెట్టాను. ఎర్రది మాత్రమే.

కార్డులో ఏమీ లేదు. అంటే నేను రాసింది డిస్కు మీద. ఆరేళ్ల పని! చూద్దామంటే కంప్యూటర్ దండ వేసుకుని రేపటిదాకా దేవుడైపోయింది. కంట్లో మందు వేయించుకుని కళ్లు మూసుకున్న ఒక ముసలామె, "నా నంబరు పిలుస్తలేరేంది బిడ్డా?" అంది. ఆమె నన్ను చూడలేకపోవడం ఒక్కటే ఆ గంటలో నాకు దొరికిన ఊరట. నాంపల్లి స్టేషన్ అక్కడికి ఐదు నిమిషాలు. ఏ రైలైనా ఫరవాలేదనిపించింది.

"ఏంది రా, గట్ల చెమటలు వడ్తున్నయ్?" అన్నాడు తాత.

"తాతా, పెద్దన్న డిస్కు చెరిపేసిన్నేమో."

తాత కార్డు తీసి వెలుతురులో తిప్పి చూశాడు. "గిదేంది రా, పచ్చగ?"

"పూజల వెట్టిన."

"వెడితే వెడితివి, పైన వెట్టాలె గద! బోర్డుకు తగిలే ఈ బంగారు గీతల మీద వెడ్తరా ఎవలన్న? నీకు పట్టా ఇచ్చినోడెవడు రా?" అని సిస్టర్ వైపు తిరిగి, "బిడ్డా, పెన్సిల్ తుడిచే రబ్బరుందా?" అన్నాడు. నేను ఆయుధాలు ముట్టకూడదు కదా అని గుర్తుచేశాను. "రబ్బరు ఆయుధమా?" అన్నాడు, నన్ను కింది నుంచి పై దాకా చూసి.

రుద్దాడు. పెట్టాడు. పచ్చ దీపం ఒకసారి మినుక్కుమంది, ఆగింది (నేనూ ఆగాను), మళ్లీ మినుక్కుమంది. తెర మీద నంబరు పడింది. ముసలామెదే.

ఆ సంతోషంలో దుకాణానికి వచ్చి పెద్దన్నకు అంతా చెప్పేశాను, ఈ పని ఇదివరకు చేయలేదన్న సంగతితో సహా. ఆయనకు ఆ సంగతి వినపడనట్టే ఉంది. "డిస్కా?" అన్నాడు, మొహం తెల్లబడి. "దానికి కాపీ లేదు గద రా!" చెరగలేదన్నా, కార్డులోకే రాసిందని దీపం సాక్ష్యం చెప్పిందన్నా నమ్మలేదు. దండ తీసి, తన చేత్తోనే కంప్యూటర్ ఆన్ చేశాడు. తాత గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. అన్నీ ఉన్నాయి. సాయంత్రం దాకా ఇద్దరం కూర్చుని అన్నిటికీ కాపీలు తీశాం. లేచేటప్పుడు పెద్దన్న, "ఆరేండ్లల్ల ఈ భయం నాకెందుకు రాలేదు రా?" అన్నాడు. దండ మళ్లీ కంప్యూటర్‌కు వేస్తూ, "ఎల్లుండి రా పనికి. నీ లెక్క భయపడెటోడు ఒకడుండాలె ఈడ" అన్నాడు. నా అర్హత ఏమిటో నాకు స్పష్టంగా చెప్పిన మనిషి ఇప్పటిదాకా ఆయన ఒక్కడే.

ఇప్పుడు అలాంటి బోర్డుల్ని నేను ఫోన్లో మాట్లాడుతూ, టీ తాగుతూ తయారుచేస్తాను. తెర మీద ఏం రాసి ఉందో చదవను. చదవాల్సిన అవసరం లేనంత అనుభవం వచ్చింది. పోయిన నెల అదే అనుభవంతో మా ఇంటి ఫోటోలున్న డిస్కును ఒక్క నొక్కుతో శుభ్రం చేశాను. (మా ఆవిడ మాట్లాడుతోంది, అవసరమైనంత వరకు.) మూడుసార్లు కార్డు పీకి చూసి, ఆ తర్వాత కూడా వణికిపోయిన ఆ కుర్రవాడు ఒక్క అక్షరం చెరపలేదు. ఎక్కడైనా ఎదురైతే రెండో ప్రశ్న అడగకుండా ఉద్యోగం ఇస్తాను. వాడు రాడు లెండి. నా దగ్గర పని చేయాలంటే భయపడతాడు.