పదకొండు పేర్ల మీద సుద్దగీత

మా ఇంటి దగ్గరి రౌస్ హిల్ షాపింగ్ సెంటర్‌లో బట్టలు సరిచేసే చిన్న దుకాణం ఒకటుంది. వయసు పెరిగేకొద్దీ నా ఎత్తు తగ్గుతోంది కాబట్టి, ప్యాంట్లు కురచ చేయించుకుందామని మొన్న అక్కడికి వెళ్లాను. కౌంటరు వెనక ఒకమ్మాయి తడిపిన నూలుబట్ట మీద ఇస్త్రీపెట్టె ఆనించింది. గుప్పున ఆవిరి లేచింది. తడి నూలు, వేడెక్కిన గంజి, కొంచెం మిషను నూనె కలిసిన ఆ వాసన తగలగానే, నిలబడ్డవాణ్ణి కుర్చీ చూసుకుని కూర్చున్నాను. ఇంటికొచ్చి డైరీల పెట్టె తెరిచి, నీలం అట్ట ఉన్నది వెతికి బయటికి తీశాను. అది నేను ఈ దేశానికి వచ్చిన కొత్తలో, టూవూంబా అనే ఊళ్లో బిజినెస్ చదువుతున్న ఏడాది డైరీ. దాదాపు నలభై ఏళ్ల కిందటిది. అందులో సగం పేజీలు సువార్తమ్మ ఆంటీవే.

ఆంటీది రేపల్లె దగ్గర. భర్త పోయాక, టూవూంబా ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తూ, ఇంటి వెనక గది నాలాంటి విద్యార్థులకు అద్దెకిచ్చేది. లాండ్రీ మందునీళ్లకు ఆమె చేతులు పగిలి నెత్తురొచ్చేవి. అన్నం కలుపుకుంటే మంట. చెంచాతో తినడం అలవాటు చేసుకుంది. డాక్టరు ఆ పని మానెయ్యమన్నాడు. మానేసి, ముందుగదిలో కుట్టుమిషను పెట్టింది. అంచులు మడిచి కుట్టడం, జిప్పులు మార్చడం, వదులైనవి బిగించడం. లాండ్రీ సూపర్‌వైజరు మంచివాడు. చలికాలం అయిపోయేదాకా ఆమె చోటు ఖాళీగా ఉంచుతానన్నాడు. అప్పటికి వారానికి ఇరవై బట్టలన్నా రాకపోతే మళ్లీ ఆ మందునీళ్లలో చేతులు పెట్టాల్సిందే. నేను వచ్చేనాటికి వారానికి ఆరు వస్తున్నాయి.

పేపర్లో ప్రకటన వేసే స్తోమత లేదు. ఖర్చు లేకుండా గిరాకీ ఎలా దొరుకుతుందని రోజూ మా ఇద్దరి మధ్య అదే మాట. ఆంటీ పద్ధతి వేరు. బట్టలు ఉతికే దుకాణాలు రెండుంటే, రెండింటికీ వెళ్లి, "మీరు కుట్టరు, నేను ఉతకను. కుట్టు పని నాకు పంపండి, మరకల పని మీకు పంపుతా" అని చెప్పొచ్చింది. ఇక చేతిసంచిలో సూదీ దారం లేకుండా గడప దాటేది కాదు. ఒకసారి బస్టాపులో ఒక నర్సు యూనిఫాం అంచు ఊడి వేలాడుతోంది. ఆంటీ అడిగి, అక్కడే వంగి, బస్సు వచ్చేలోపు కుట్టేసింది. "నా పేరు సువార్త. ఆసుపత్రి వెనక వీధి, ఆకుపచ్చ గేటు" అని మాత్రం చెప్పింది.

బస్సు కదిలాక నేను ఆగలేకపోయాను. "అదేంటాంటీ, ఆవిడ పేరు, ఫోన్ నంబరు తీసుకోవద్దూ? ఫ్రీగా కుట్టి పంపించేశారు!"

"నా పేరు ఇచ్చాగా బాబూ."

"మీ పేరు ఇస్తే ఏం లాభం? క్లాసులో ఏం చెప్తారంటే, అవసరం ఉన్నవాళ్లని మనమే కనిపెట్టి లిస్టు రాసుకోవాలి."

"సర్లే, నువ్వు లిస్టు రాసుకో. ఈలోగా నేను రెండు జిప్పులు మార్చుకుంటా" అని నవ్వేసింది.

ఆ నవ్వు నాకు పట్టుదల పెంచింది. ఆదివారాలు ఆంటీతో చర్చికి వెళ్లేవాణ్ణి. భక్తి కాదు, ప్రార్థన తర్వాత పెట్టే భోజనం. హాలు గుమ్మం దగ్గర బల్ల మీద ఒక పుస్తకం ఉండేది. ప్రార్థన మనవుల పుస్తకం. ఎవరి కష్టం వాళ్లు రాస్తే, సంఘమంతా వాళ్లకోసం ప్రార్థించేది. ఒకనాడు భోజనానికి వరుసలో నిలబడి దాన్ని తిరగేశాను. ఒకామె ఆపరేషన్ తర్వాత బాగా చిక్కిపోయింది. అంటే బట్టలు వదులయ్యుంటాయి. ఒకామెకి భర్త పోయాడు. నల్లబట్టలు కావాలి. ఒకామెకి ఎనిమిదో నెల. గౌన్ల నడుము వదులు చెయ్యాలి. పాఠంలో చెప్పిన లిస్టు ఎదురుగా తయారుగా ఉన్నట్టు తోచింది. పదకొండు పేర్లు డైరీలోకి ఎక్కించుకుని, పక్కన ఎవరికి ఏ కుట్టు అవసరమో రాసుకున్నాను. ఆంటీకి చెప్పకుండా, సంఘం జాబితాలో చిరునామాలు చూసి, నా సొంత స్టాంపులతో ఆంటీ పేరు మీద పదకొండు కార్డులు పంపాను. "మీ దుస్తులు వదులయ్యాయా? మేము చక్కగా బిగిస్తాము." ఆ రోజు డైరీలో, "ఆంటీ ఆశ్చర్యపోతుంది" అని రాసుకున్నాను. అక్షరాలు ఇప్పటికీ ముత్యాల్లా ఉన్నాయి.

నాలుగో రోజు ఆకుపచ్చ గేటు తీసుకుని మార్గరెట్ వచ్చింది. చర్చిలో పాటలు పాడే ఆమె. నెత్తికి ఉన్ని టోపీ, ఒంటిమీద ఎవరిదో అనిపించేంత పెద్ద కోటు. కార్డు బల్ల మీద పెట్టి, కోపం లేకుండానే అడిగింది. "సువార్తా, నా బట్టలు వదులయ్యాయని నీకెవరు చెప్పారు? చిక్కిపోయానని నేను రాసింది ప్రార్థన కోసమే."

ఆంటీ కార్డు చూసింది. నా చేతిరాత ఆమెకి తెలుసు. నేను గుమ్మంలోనే ఉన్నాను. నావైపు కన్నెత్తి చూడలేదు. "తప్పు నాదే మార్గరెట్. అలా పంపకూడదు" అంది. మార్గరెట్ తలూపి, కోటు దగ్గరికి లాక్కుని వెళ్లిపోయింది.

గేటు మూసుకున్నాక, "ఆ డైరీ పట్రా" అంది ఆంటీ.

తెచ్చాను. "ఆంటీ, చూడండి, అందరూ నిజంగా అవసరం ఉన్నవాళ్లే..."

"అవసరం ఉన్నవాళ్లే. ఆ అవసరం వాళ్లు నీకు చెప్పారా?"

పేజీ చించబోయాను. ఆంటీ చెయ్యి అడ్డం పెట్టింది. "చించకు. చించితే మర్చిపోతావ్." మిషను పక్కనున్న ఎర్ర సుద్దబిళ్ల తీసి, బట్ట మీద కొలత గీసినంత జాగ్రత్తగా, మొదటి పేరు నుంచి పదకొండో పేరు దాకా ఒక నిలువుగీత గీసింది.

శనివారం ఆమె పాత కారులో పదకొండు ఇళ్లకీ వెళ్లాం. పడమటి గాలి చెవులు కోసేస్తోంది. మొదటి రెండు గుమ్మాల దగ్గర ఆంటీయే మాట్లాడింది. మూడో ఇంటి ముందు కారాపి, "ఇక్కణ్ణుంచి నువ్వు చెప్పు. రాసింది నువ్వేగా" అంది. చెప్పాను. ఒకాయన నవ్వి భుజం తట్టాడు. నిండు గర్భిణి మాకు టీ ఇచ్చింది. భర్త పోయినామె నా మాట పూర్తి కాకుండానే తలుపు వేసేసింది. ఆంటీ మూసిన తలుపు వైపు తలవంచి, "పద" అంది. మార్గరెట్ గుమ్మం దగ్గర మాత్రం నేను సగం చెప్పేసరికే, ఆమే, "సరే అబ్బాయ్, లోపలికి రా, చలిగా ఉంది" అంది. ఏ ఇంట్లోనూ ఆంటీ కుట్టు మాటెత్తలేదు.

చలికాలం చివరి వారానికి పద్నాలుగు బట్టలు వచ్చాయి. ఇరవై రాలేదు. ఆంటీ వారానికి మూడు రోజులు లాండ్రీకి తిరిగి వెళ్లింది. నెల తిరక్కుండా వేళ్లు మళ్లీ పగిలాయి. చెంచా మళ్లీ కంచం పక్కకి వచ్చింది. నా కార్డులు ఎవరినన్నా ఆ గేటు దాకా రాకుండా ఆపాయేమో, నాకు తెలియదు. ఆంటీని అడిగితే, "అదంతా ఇప్పుడెందుకు, పప్పు వడ్డించుకో" అంది.

వసంతంలో ఊదారంగు జకరాండా చెట్లు పూసే రోజుల్లో ఒకమ్మాయి నీలం గౌను పట్టుకుని వచ్చింది. మార్గరెట్ కూతురు. తల్లి పోయి రెండు వారాలైంది. ఆ గౌను తన కొలతకి తగ్గించమంది. "పోయేముందు అమ్మ మీ పేరే చెప్పింది. ఆసుపత్రి వెనక వీధి, ఆకుపచ్చ గేటు, అక్కడికే తీసుకెళ్లమంది" అంది. ఆంటీ పగిలిన వేళ్లకి గుడ్డ చుట్టుకుంది, నెత్తురు మరక నీలం మీద పడకుండా. కుట్టు విప్పేటప్పుడు ఆమె పెదాలు కదులుతుంటే చూశాను. ప్రార్థనో, మార్గరెట్ పాడే పాటో నేను అడగలేదు.

ఆంటీ లాండ్రీ పూర్తిగా మానడానికి మరో రెండేళ్లు పట్టింది. ఆ గిరాకీ అంతా ఎవరో ఒకరు నోటితో ఆమె పేరు చెప్పగా వచ్చిందే. నేను తర్వాత జీవితమంతా చిన్న వ్యాపారాలకు గిరాకీ వెతికిపెట్టే ఉద్యోగమే చేశాను. ఏ కొత్త పేరు రాసుకున్నా పక్కన "తనే చెప్పింది", "తనే చెప్పాడు" అని రాసేవాణ్ణి. అలా రాయలేని పేరు వదిలేసేవాణ్ణి. ఆఫీసులో నా వెనక నవ్వుకునేవారని తెలుసు.

మొన్న రౌస్ హిల్ దుకాణంలో ఆ అమ్మాయి, "అంకుల్, మీ నంబర్ రాసుకోవచ్చా?" అని అడిగింది. సంతోషంగా ఇచ్చాను.

డైరీలో ఆ పేజీ తెరిస్తే పదకొండు పేర్లూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. సుద్దగీత మాత్రం ఎన్నడో రాలిపోయింది. అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో నా వేలికి తెలుసు. దాని వెంట ఒకసారి పైనుంచి కిందికి వేలు జరిపి, డైరీ మూసి పెట్టాను.