గుడ్ల వ్యాన్‌లో మేడారం

జర్మనీలో గడ్డి కూడా స్నానం చేసి వస్తుంది. పై అంతస్తు వాళ్ళు సెలవులకు వెళ్తూ తమ కుందేలును మాకు అప్పగించారు. దాని మేతకని కొన్న ఎండుగడ్డి ప్లాస్టిక్ సంచిలో, చామంతి పూలు కలిపి, జిప్పు వేసి ఉంది. గడ్డి గడ్డిలా ఉంటే ఈ దేశానికి వచ్చిన ఇబ్బందేమిటో నాకు అర్థం కాలేదు. ఆ సంచిని లైప్‌జిగ్‌లో మా ఇంటి ముందు నిలిపిన పాత వ్యాన్‌లో పెట్టి మరచిపోయాను. మర్నాడు తలుపు జరిపేసరికి ఎండకు కాగిన రేకు వాసన, చెక్కపొట్టు వాసన, వాటి కింద నుంచి చామంతిని పక్కకు తోసుకుంటూ గడ్డి వాసన వచ్చాయి. స్క్రూడ్రైవర్ పట్టుకున్న చెయ్యి అలాగే ఉంది, మనిషిని మాత్రం మా ఊరు జనగామలో ఉన్నాను.

ఆ వ్యాన్‌ను క్యాంపర్‌గా, అంటే చక్రాల మీద ఇల్లుగా, మారుస్తున్నాను. ఇక్కడ ఆ మార్పును తనిఖీలో ఒప్పుకుంటేనే వెనక సీటు వేసి పిల్లను కూర్చోబెట్టుకోవచ్చు. మా తొమ్మిదేళ్ళ మైత్రి ఈ వేసవికి వ్యాన్‌లో సముద్రానికి వెళ్తున్నామని క్లాసంతా చాటేసింది. తనిఖీలో నెగ్గకపోతే బండి అమ్మేద్దామని నా భార్య లత చెప్పింది. లత ఏదైనా ఒక్కసారే చెబుతుంది.

మా నాన్నకు అన్న, అంటే మా పెద్దబాపుకు, కోడిగుడ్లు మోసే వ్యాన్ ఉండేది. రెండేళ్ళకొకసారి, మాఘమాసంలో మేడారం జాతర వచ్చినప్పుడు మాత్రం దానికి గుడ్ల నుంచి సెలవు. ట్రేలు దించి, సబ్బు నురగతో కడిగి, నీచు పోవడానికి పసుపు నీళ్ళు చల్లి (నీచు పోయేది కాదు, దానికి పసుపు తోడయ్యేది), మోకాలెత్తు వరిగడ్డి పరిచి, దాని మీద గోనెసంచులు, ఆ పైన బొంతలు వేసి, వెనక తలుపుకు పెద్దమ్మ పాత నేతచీర తెరగా కడితే, పొద్దుగూకేలోపు అది ఇల్లయిపోయేది. నేను ఏడాదిగా చేస్తున్న పనిని ఆయన ఒక మధ్యాహ్నం పూట, నోట్లో బీడీ ఆరకుండా, గడ్డికి అంటకుండా చేసేవాడు.

ముందు అమ్మవార్లకు మొక్కిన బెల్లం దిమ్మలు ఎక్కేవి. జాతరలో దాన్ని బంగారమనే అంటాం కనుక మాకెవరికీ దాన్ని కొరికే ధైర్యం ఉండేది కాదు, నాకడమే. తర్వాత వంట గంజులు, బియ్యం, పండుగకు చేసి దాచిన సకినాల డబ్బా, నూనె మరక పేపరు దాటి వచ్చిన సర్వపిండి, చివరికి కాళ్ళు కట్టిన కోడి. ఆ బండిలోకి గుడ్డు ముందొచ్చింది, కోడి తర్వాతొచ్చింది. లోకం ఇంకా తేల్చుకోలేని ఆ సంగతి మా ఇంట్లో ఎప్పుడో తేలిపోయింది.

ములుగు దాటాక చలి గాలి చీరను ఉబ్బించేది. మేం పిల్లలం అట్ట మీద సుద్దతో గళ్ళు గీసి చింతగింజలతో అష్టాచెమ్మ ఆడేవాళ్ళం. గుంత వస్తే గింజలు తమంతట తామే పడేవి. ఆ పందెం చెల్లుతుందని కొందరు, చెల్లదని కొందరు కొట్టుకుంటుండగానే బండి ఆగేది. దారిలో ఎవరో ముసలమ్మ, చంకలో మనవడు, నెత్తిన బెల్లం. చెయ్యెత్తితే చాలు, పెద్దబాపు బ్రేకు వేసేవాడు. జాతర బండిలో జాగా లేదనకూడదు, అంతే. అప్పటికే ఒకరి ఒళ్ళో ఒకరున్న మమ్మల్ని చూసి, "జర జరుగున్రి, ఇంక మస్తు జాగున్నది!" అనేవాడు. ఎక్కడున్నదని మా అమ్మ అడిగితే, "జరిగితె కనవడ్తది మరదలా" అనేవాడు. నిజంగానే కనబడేది, ఎలాగో నాకిప్పటికీ తెలియదు.

తాడ్వాయి అడవి దాటి చెట్ల కింద బండి నిలిపి, మూడు రాళ్ళు పెట్టి వంట. ఇల్లు బండిలో ఉండేది కాదు, బండి చుట్టూ ఉండేది. లోపల పడుకోవడమే: అందరం అడ్డంగా, వరుసగా, ఒకరు పక్కకు తిరిగితే అందరూ తిరగాల్సిందే.

నేనూ అలాంటి బండే కట్టాను. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒకటే చెక్క, దాని మీద పరుపు. లత లోపలికి తొంగి చూసి, "క్యాంపర్ కాదు బాబూ, చక్రాల మీద అరుగు కట్టావు" అంది. ఆమెది భీమవరం, అరుగుల సంగతి తెలుసు. తనిఖీకి వచ్చిన పెద్దమనిషి మర్యాదగా బూట్లు విప్పి ఎక్కాడు.

"వంట ఎక్కడ చేస్తారు?"

"బయట."

"వాన పడితే?"

మాఘంలో వాన పడదని చెప్పడానికి నా జర్మన్ సరిపోయేది, ధైర్యం సరిపోలేదు. బిగించిన స్టవ్వు, బల్ల, అరలు ఉంటే తప్ప కుదరదని ఆయన చెప్పి వెళ్ళాడు. మైత్రి ఈతదుస్తులు సర్దుకున్న సంచిని తీసుకెళ్ళి మళ్ళీ అల్మారలో పెట్టింది.

ఆ వారాంతమే అరుగు కోసేశాను. స్టవ్వు, సింకు, మడత బల్ల, తలుపుల అరలు, చిన్న ఫ్రిజ్, ముగ్గురికి పడక. రెండోసారి ఆయన బల్లను ఊపి చూసి, తల ఊపి, సంతకం పెట్టాడు. మైత్రి వీధి చివరిదాకా పరుగెత్తి వచ్చింది.

గుడ్ల వ్యాన్ ఏనాడో తుక్కుకు పోయింది. అన్నలూ అక్కలూ ఎవరి కారులో వాళ్ళు మేడారం వెళ్ళి, సాయంత్రానికి ఇల్లు చేరి, ఎవరు ముందు చేరారో గ్రూపులో పెడతారు. ఇప్పుడు సర్వపిండి పార్సిల్‌లో వస్తుంది, పేపరు దాటదు. పెద్దబాపు మాత్రం ఫోన్ మొదటి రింగుకే ఎత్తుతాడు. వీడియోలో ఆయనకు ఒక్కో అర తెరిచి, స్టవ్వు వెలిగించి, బల్ల మడిచి, పడక పరిచి అంతా చూపించాను. ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని చూశాడు.

"గింత పెద్ద బండిల ముగ్గురే పట్టిన్రంటె, అది బండి కాదు బిడ్డా, అల్మార."