వహీద్‌కు దొరికిన పాఠకుడు

పాతబస్తీ జహనుమాలో పుట్టి పెరిగిన వహీద్ తెలుగు ఎం.ఏ. చదివాడు. ఎందుకు చదివావని ప్రతి ఇంటర్వ్యూలోనూ అడిగారు. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు సిలబస్‌లో లేదు. చివరికి రచయిత అయ్యాడు. గీజరో మిక్సీయో కొన్నప్పుడు అట్టపెట్టె అడుగున ఒక చిన్న పుస్తకం ఉంటుంది కదా, ఆ వాఙ్మయమంతా అతనిదే. "ఈ సూచనలను జాగ్రత్తగా చదవండి" అన్న మొదటి వాక్యాన్ని దాటి వెళ్లిన మానవుడు లేడు. లక్షల ప్రతులు అచ్చయినా ఎవరూ చదవని రచయితగా సాహిత్య చరిత్రలో అతని స్థానం సుస్థిరం. సాహిత్య చరిత్రకు ఇంకా కబురందలేదు, అంతే.

ఒక్క మినహాయింపు ఉంది. అతని అక్క సుగ్రా. అమ్మానాన్నలు పోయాక జాకెట్లు కుట్టి తమ్ముణ్ణి చదివించింది కాబట్టి, ఆ చదువు ఎటు పోయిందో చూసే హక్కు తనకుందనేది ఆమె వాదం. కొత్త పుస్తకం రాగానే కుట్టుమిషను ఆపి, కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి, గల్లీకంతా వినబడేలా చదివేది.

"'బ్లేడు పదునుగా ఉండును, చేతితో తాకరాదు.' అచ్ఛా! నువ్వు చెప్పకపోతే దీంతోని తల దువ్వుకుందును గద, ముసన్నిఫ్ సాబ్!"

ముసన్నిఫ్ అంటే గ్రంథకర్త. ఆ బిరుదు ఇచ్చిందీ ఆమే, రోజూ పీకేసిందీ ఆమే.

"నవ్వకు ఆపా. గిది నా నౌకరీ."

"నౌకరీ అనే చదువుతున్న రా. నేను గాక ఇంకెవడు చదువుతడు?"

రెండో పాఠకుడు నిరుడు దొరికాడు. మనిషి కాదు, ఏఐ ఏజెంటు. ఫోనెత్తి మర్యాదగా మాట్లాడుతుంది, కంప్యూటర్‌లో పనులూ తనే చక్కబెడుతుంది. అయితే సాఫ్ట్‌వేర్‌లోని ఏ సాధనం ఏం చేస్తుంది, దాన్ని ఎప్పుడు వాడాలి, ఎప్పుడు వాడరాదు అన్నది ఎవరో ఒకరు దానికి రాసివ్వాలి. వహీద్ పనిచేసే కంపెనీ ఆ పని అతనికి అప్పగించింది. అది అక్షరం వదలకుండా చదువుతుందనీ, చదివినట్టే చేస్తుందనీ విన్న రోజున వహీద్‌కు నిజంగానే కళ్లు చెమ్మగిల్లాయి. ఇన్నేళ్ల తపస్సు ఫలించిందనుకున్నాడు.

మొదటి పని చాంద్రాయణగుట్టలో నీళ్ల ట్యాంకర్లు నడిపే బాబురావుది. ఎండాకాలమంతా తనే ఫోన్లెత్తి ఆయన గొంతు పాడైపోయింది. బుకింగుల సాఫ్ట్‌వేర్‌లో 'వరస మార్చు' అనే సాధనం ఉంది. దాన్ని వాడితే వెనకున్న ట్యాంకరు ముందుకొస్తుంది. వహీద్ దాని కింద "అవసరం ఎక్కువగా ఉన్నవారికి వాడు" అని రాశాడు. మే నెలలో చాంద్రాయణగుట్టలో అవసరం తక్కువగా ఉన్నవాడు ఎవడు? ప్రయోగం పెట్టిన రోజు ఏజెంటు అందరి గోడూ విని, అందరినీ నమ్మి, ప్రతి ట్యాంకరునూ మొదటి ట్యాంకరు చేసింది. పెళ్లివారి ట్యాంకరు బండ్లు కడిగేవాడికి పోయింది. మధ్యాహ్నానికి బాబురావు ఆఫీసు ముందు లొల్లే లొల్లి.

"సేఠ్, మీరు ఎవరిని ముందుకు జరుపుతరు?" అని అడిగాడు వహీద్.

"చావు జరిగిన ఇంటిని. మనోళ్లా మీవోళ్లా అని చూడ. శవానికి స్నానం ఆగొద్దు గద భాయ్."

"చావు అని వాళ్లు చెప్తరా?"

"ఎవడు చెప్తడు? జల్ది పంపు అంటరు. గొంతుల తెలుస్తది."

"గొంతుల ఏం తెలుస్తది సేఠ్? అదే రాయాలె నేను."

"ఏమో మియా. తెలుస్తది, గంతే" అని బాబురావు టీ తెప్పించాడు.

'తెలుస్తది' అన్నది సూచన కాదు. వహీద్ ఇంటికొచ్చి కొట్టేసి, మళ్లీ రాసి, చివరికి ఒక నిర్దుష్టమైన వాక్యం సాధించాడు: "ఇంట్లో మరణం జరిగిందని కస్టమర్ స్పష్టంగా చెప్పినప్పుడు మాత్రమే ఈ సాధనం వాడు. కారణం మర్యాదగా అడుగు. ఊహించవద్దు." ఆ చివరి మాట మీద అతనికి ప్రత్యేకమైన గర్వం. దాన్ని సుగ్రా ముందు పెట్టాడు.

ఆమె చదివి, ఈసారి పెద్దగా నవ్వలేదు. "మయ్యత్ ఇంట్లోళ్లు గింత సాఫ్ మాట్లాడ్తరా రా?"

"మిషన్‌కు సాఫ్‌గనే చెప్పాలె ఆపా."

"ముసన్నిఫ్‌వు నువ్వు. నీ ఇష్టం" అని ఆమె దారం ఎక్కించుకుంది.

ఆ వాక్యం బ్రహ్మాండంగా పనిచేసింది. లొల్లి ఆగింది. బాబురావు గొంతు కోలుకుంది. ఆయన సొంత నంబరుకు చేసినా ఏజెంటే ఎత్తేలా ఏర్పాటయింది.

ఈ ఏడు మళ్లీ మే వచ్చింది. ఒక పొద్దున సుగ్రా పొయ్యి మీద టీ పెట్టి, గోడకు ఆనుకుని కూర్చుంది. టీ పొంగి పొయ్యి ఆరినా లేవలేదు. ఆసుపత్రివాళ్లు చూసి, తెల్లగుడ్డ కప్పి పంపారు.

వహీద్ ఎవరికీ ఏమీ చెప్పవలసిన పని పడలేదు. మసీదు మైకు చెప్పింది. గల్లీ గల్లీకి చెప్పింది. అందరూ తెలిసే వచ్చారు, భుజం మీద చెయ్యేశారు, కుర్చీలు వేశారు. సాయంత్రం అసర్ నమాజు తర్వాత ఖననం అని పెద్దలు నిర్ణయించారు. ఆఖరి స్నానం చేయించే ఆడవాళ్లు వచ్చి కూర్చున్నారు. నీళ్లు లేవు. నల్లా వచ్చే రోజు కాదు, గల్లీలో డ్రమ్ములన్నీ అడుగంటాయి.

వహీద్ గోడ వారకు వెళ్లి ఫోను చేశాడు.

"నమస్కారం, బాబురావు వాటర్ సప్లై. చెప్పండి."

"జహనుమాకు ఒక ట్యాంకర్ కావాలె. జల్ది."

"తప్పకుండా పంపిస్తాం. రాత్రి ఎనిమిది గంటలకు వస్తుంది."

"గంత లేటైతే కాదు. అసర్ కంటే ముందు కావాలె."

"వరస ముందుకు జరపడానికి కారణం ఏదైనా ఉంటే దయచేసి చెప్పండి."

మర్యాదగా అడిగింది. అతను రాసినట్టే.

"ఇంటికి మనుషులు వస్తున్నరు."

"అర్థమైంది. అతిథుల కోసం రెండో ట్యాంకర్ కూడా బుక్ చేయమంటారా?"

"కాదు... ఆపా..."

"క్షమించండి, వినబడలేదు. కారణం మళ్లీ చెప్పగలరా?"

లోపల ఆడవాళ్లు ఎదురు చూస్తున్నారు. ఫోనులో అది ఓపిగ్గా ఎదురు చూస్తోంది. దానికి కోపం రాదు, విసుగు రాదు. ఊహించదు.

"మా ఆపా చనిపోయింది" అన్నాడు వహీద్.

పొద్దున్నుంచి ఆ మాట అనడం అదే మొదలు. అతని నోట మొదట విన్నదీ ఏజెంటే.

"చాలా విచారకరం. మీ ట్యాంకర్ వరసలో మొదటిది. ఇప్పుడే బయలుదేరుతోంది."

బయలుదేరింది కూడా. గల్లీ మలుపులో షామియానా కనబడగానే డ్రైవరు పాట కట్టేసి, హారన్ కొట్టకుండా లోపలికి తెచ్చాడు. స్నానం అయింది, నమాజు అయింది, మట్టి ఇచ్చారు. ఏదీ ఆలస్యం కాలేదు.

మూడోరోజు బాబురావు వచ్చి, చెప్పులు విప్పి, వహీద్ పక్కన కూర్చున్నాడు. "నేను ఫోన్ ఎత్తాల్సుండె భాయ్."

"అది మంచిగనే చేసింది సేఠ్. రాసినట్టే చేసింది."

"గా ముక్క మార్చు."

"మారిస్తే దొంగ ఫోన్లు వస్తయి."

"రానీ. రెండు ట్యాంకర్లు దొంగలకు పోనీ. ఫికర్ లేదు."

బాబురావు వెళ్లాక వహీద్ ల్యాప్‌టాప్ తెరిచాడు. 'మాత్రమే' తీసేశాడు, 'ఊహించవద్దు' కొట్టేశాడు. "తొందరగా కావాలని అడిగి, కారణం దగ్గర ఆగిపోయినవారిని రెండోసారి అడగవద్దు. ముందుకు జరుపు" అని రాశాడు. వ్యాకరణం చూసుకున్నాడు. అలవాటు కొద్దీ తెరను కుట్టుమిషను వైపు తిప్పి పట్టుకున్నాడు. సూదిలో ఆమె ఎక్కించిన ఆకుపచ్చ దారం ఉంది, కింద సగం కుట్టిన ఎవరిదో జాకెట్టు ఉంది.

తర్వాత తెరను తన వైపు తిప్పుకుని పంపించాడు. ఏజెంటు ఆ వాక్యాన్ని అప్పటికప్పుడు, అక్షరం వదలకుండా చదివింది.