చిలక గుండీలు

గురువారం పొద్దున్న దోసెలు పోస్తుంటే ఫోన్‌కి ఒక ఫొటో వచ్చింది. చంటిపిల్లాడి తెల్లపట్టు గౌను. దాని ముందువైపు వరసగా నేను అమ్మిన కొయ్య చిలక గుండీలు ఐదు. ఒక్కో చిలక కింద ఆకుపచ్చ మరక అంగుళం మేర కారి ఉంది. రెండు చిలకలకి రెక్కలు ఊడిపోయాయి.

ఆ గౌను కుట్టినామెది కంకిపాడు. గుండీలు కొన్నప్పుడే నాతో అంతా చెప్పుకుంది. పెళ్లైన పదకొండేళ్లకి బాబు పుట్టాడట. తన పెళ్లినాటి తెల్లచీర కోసి, వాడి జ్ఞానస్నానానికి గౌను కుడుతోందట. ఆ జ్ఞానస్నానం ఈ ఆదివారమే. ఇస్త్రీకి ముందు ఒకసారి నీళ్లలో జాడించానంతే అని ఫొటో కింద రాసింది.

నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. నోరు మాత్రం ఆడింది, దాని తెగులే అంత. వెంటనే ఫోన్ చేసి, "వేడినీళ్లలో పెట్టారా ఏంటండీ?" అన్నాను.

"గోరువెచ్చగానే పెట్టానక్కా."

"అదేనండీ మరి! చన్నీళ్లే వాడాలి. చెప్పాను కదా."

నేను చెప్పలేదు. ఆమెకే కాదు, ఎవరికీ చెప్పలేదు. "అయ్యో, నాదే తప్పక్కా, తొందరపడ్డాను," అంది. పాపిష్టిదాన్ని, ఆ మాట విని ఊపిరి పీల్చుకున్నాను.

ఫోన్ పెట్టేసి ఒక చిలకని గిన్నెడు చన్నీళ్లలో వేశాను. దోసె మాడిన వాసన వచ్చేలోపే నీళ్లు పచ్చబడ్డాయి. రెక్క విడిపోయి పైకి తేలింది.

గుండీలు చేసిచ్చేది కొండపల్లిలో బొమ్మలు చేసే పెద్దాయన. ఆయనకి ఫోన్ చేసి అరిచాను. ఆయన నిదానంగా, "ఉతికారా? బొమ్మనెవరైనా ఉతుకుతారా తల్లీ?" అన్నాడు. "రెక్కలు అతికేది చింతగింజల మక్కుతో గదా, నీళ్లు తగిలితే నానిపోదూ? నువ్వు అడగలా, నేను చెప్పలా."

నిజమే, అడగలేదు. మా ఇంట్లో కొండపల్లి బొమ్మలు అద్దాల బీరువాలో ఉండేవి. పండక్కి అమ్మ పొడిగుడ్డతో దుమ్ము దులిపి మళ్లీ లోపల పెట్టేది. వాటికి నీళ్లు చూపించిన రోజు లేదు. గుండీ అంటే బట్టతోపాటు బకెట్లోకి దిగేదని కుట్టుపని చేసే నాకే తట్టలేదంటే ఏమనాలి?

"బెజవాడ ఎండల్లో ఊలు ఎవరు కొంటారే?" అని మా అక్క నవ్వుతుంటే పంతానికి ముందుగదిలో ఈ కొట్టు పెట్టాను. అల్లేవాళ్లకి ఊలూ సూదులూ, కుట్టేవాళ్లకి లేసులూ గుండీలూ. మొదటి రెండేళ్లూ ఈగలు తోలుకున్నాను. చిలక గుండీలు వచ్చాకే నలుగురికీ తెలిశాను. వాటిలో తప్పుందని నా నోటితో నేను చెబితే నా దగ్గర సూది కూడా ఎవరూ కొనరు. అందుకే గురువారమంతా చెప్పలేదు.

శుక్రవారం ఆమె మెసేజ్ పెట్టింది. "నిమ్మకాయ రుద్దితే మరక ఇంకా పాకిందక్కా. మా అత్తగారు నిన్నట్నుంచి అన్నం ముట్టట్లేదు. చీర కోసిందీ నువ్వే, తగలేసిందీ నువ్వే అంటున్నారు. ఇంకేమైనా ఉపాయం ఉంటే చెప్పండి."

ఉపాయం ఏముంటుంది? పట్టుకి పట్టిన రంగు అది. ఆ రోజు నాకూ అన్నం సహించలేదు. మక్కు మాట టైపు చేశాను, చెరిపాను. నాలుగుసార్లు అదే పని. అంతకుమించి చేతకాలేదు, ఛీ!

శనివారం పొద్దున్నే కంకిపాడు బస్సెక్కాను. దారి పొడుగునా ఒకటే పీకులాట. రేపు చుట్టాలందరి ముందూ ఆమె తలవంచుకుని నిలబడుతుంది, అది నా వల్ల. చెప్పేస్తే నా కొట్టు పోతుంది. ఎటు చూసినా ఏడుపే వచ్చింది. పక్కన కూర్చున్న ముసలమ్మ మంచినీళ్ల సీసా ఇచ్చింది.

గుమ్మంలో నన్ను చూడగానే ఆమె మొహం వెలిగింది. "మా కోసం ఇంత దూరం వచ్చారా అక్కా!" అంటూ బాబుని నా చేతుల్లో పెట్టింది. కుర్చీ వేసింది. వంటింట్లోంచి అత్తగారి సణుగుడు వినిపిస్తూనే ఉంది. ఆమె గొంతు తగ్గించి, "చేజేతులా చేసుకున్నాను, పడాలిగా," అంది.

బాబు నా చీరకొంగు పట్టుకుని లాగుతున్నాడు.

"మీ తప్పు కాదమ్మా," అన్నాను. "చన్నీళ్లలో పెట్టినా ఆ రంగు పోయేదే. నేను పరీక్ష చేయకుండా అమ్మాను. మీకు నేనేమీ చెప్పలేదు, చెప్పానని అబద్ధమాడాను. గురువారమే నాకు తెలుసు."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. దగ్గరికొచ్చి, కొంగుని బాబు గుప్పిట్లోంచి విడిపించి, వాడిని నా చేతుల్లోంచి తీసుకుంది.

"మూడు రోజులక్కా," అంది. "నాదే తప్పని రోజూ దేవుణ్ణి క్షమాపణ అడుక్కున్నాను."

ఆమె వంటింటి వైపు చూసింది.

"ఆ మాట మా అత్తగారికి చెప్పండి. నేను చెబితే నమ్మరు."

లేచి వంటింట్లోకి వెళ్లాను.