ఊరికే తీసేస్తానన్న జాలీ

మొన్న మధ్యాహ్నం మా మెకానిక్ షెడ్డు ముందు ఒక పాత వ్యాను వచ్చి ఆగింది. ఇంజను ఆపకముందే కుళ్లిన కోడిగుడ్డు వాసన గుప్పుమంది. పక్కన టీ తాగుతున్నవాళ్లు ముక్కులు మూసుకుని మురుగుకాలువ వైపు చూశారు. నేను మాత్రం ఉన్నచోటే నిటారుగా నిలబడిపోయాను. “పొగగొట్టం జాలీ ఊరికే తీసేస్తారంట కదన్నా?” అన్నాడు బండాయన దిగుతూనే. ఆ “ఊరికే” అన్న మాట వింటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆయన మీద గట్టిగానే అరిచాను. పాపం, ఆయన తప్పేమీ లేదు. ఆ మాటను ఊళ్లోకి వదిలినవాళ్లలో ఒకప్పుడు నేనూ ఉన్నాను. నా చేత దాన్ని మాన్పించింది సుభద్ర మేడం.

మేడం కడప జూనియర్ కాలేజీలో మాకు కెమిస్ట్రీ చెప్పేవారు. ఆ ల్యాబులో ఏడాది పొడుగునా ఈ కుళ్లిన గుడ్డు వాసనే. మనిషి పొట్టి, గొంతు మాత్రం వరండా చివరిదాకా వినిపించేది. తప్పు రాసినవాణ్ణి ఆవిడ పెద్దగా ఏమీ అనేవారు కాదు. ఒప్పు రాసి, ఎందుకో చెప్పలేనివాడి పని మాత్రం అయిపోయేది. నేను సమీకరణాలన్నీ బట్టీపట్టి గడగడా అప్పజెప్పేవాణ్ణి. “ఎందుకప్పా?” అని ఒక్క మాట అనేవారు. నేను మళ్లీ అదే సమీకరణాన్ని మొదటి నుంచి అప్పజెప్పేవాణ్ణి. చివరికి కెమిస్ట్రీలోనే తప్పి, మేనమామ షెడ్డులో పానా పట్టాను. పదేళ్లకు మైదుకూరు రోడ్డులో సొంత షెడ్డు పెట్టాను. ఇక ఆవిడ ప్రశ్నల పీడ వదిలిందనే అనుకున్నాను.

రెండువేల దశకం చివర్లో ఒక ఎండాకాలం ఉదయం మేడం తన పాత వ్యాను తోలుకుని మా షెడ్డుకు వచ్చారు. వెనక సీట్లు తీసేసి పరుపు వేశారు. దాని మీద ఆవిడ భర్త శంకరయ్య సారు పడుకుని ఉన్నారు. ఆయన ఇరవై ఏళ్లు బండల పాలిషు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఆ రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి, నాలుగడుగులు వేస్తే ఎగశ్వాస వచ్చేది. వారానికొకసారి వాళ్లుండే మైదుకూరు నుంచి కడప ఆసుపత్రికి రావాలి. బస్సులో కూర్చోలేరు. అందుకే అప్పు చేసి ఆ వ్యాను కొన్నారు. అది ఆ రోజు పెన్న వంతెన మీద మొరాయించి, అరగంట సేపు ఎండలో నిలిచిపోయిందట.

వ్యాను నుంచి కుళ్లిన గుడ్డు వాసన రాగానే నాకు సంగతి అర్థమైంది. సైలెన్సరుకు ముందు ఒక ఉక్కు డబ్బా ఉంటుంది. దాన్ని క్యాటలిటిక్ కన్వర్టర్ అంటారు. అందులో తేనెపట్టులాంటి జాలీ ఇంజను వదిలే వాయువుల్లోని విషాన్ని విరిచి బయటికి పంపుతుంది. ఆ జాలీ కరిగి మూసుకుపోతే పొగకు దారి ఉండదు, బండికి బలం ఉండదు. మేడం అప్పటికే షోరూముకు పోయి వచ్చారు. అక్కడివాళ్లు గొట్టంతో సహా మొత్తం మార్చాలని, వ్యాను ఖరీదులో సగం ధర చెప్పి, “ఇంత పాత బండికి ఖర్చు దండగ, అమ్మేయండి” అని సలహా కూడా పడేశారట. రోగిని వారం వారం తెచ్చే బండి దండగట!

నేను మహా ఉపకారిలా ముందుకొచ్చాను. “జాలీ తీసేస్తే సరిపోతాది మేడం. గంట పని. మీ దగ్గర ఒక్క రూపాయి కూడా తీసుకోను.”

“ఊరికే చేస్తావా? ఎందుకప్పా?”

“మీరు మా మేడం కదా.”

“వేరేవాళ్లకు?”

నేను తల దించుకున్నాను. “అందరికీ ఊరికేనే చేస్తాండా మేడం.”

“తీసిన జాలీ ఏం చేస్తాండావు?”

చెప్పక తప్పలేదు. ఆ జాలీలో వెండి బంగారాల కంటే విలువైన లోహపు పూత ఉంటుంది. నెలకోసారి చెన్నై నుంచి ఒకాయన వచ్చి తూకానికి కొనుక్కుని పోయేవాడు. ఊరికే చేసే పనిలో నాకు మిగిలేది మామూలు కూలి కంటే ఎక్కువ. మేడం వ్యాను వెనక తలుపు బార్లా తెరిచారు.

“ఈయప్ప ఊపిరి పీల్చేదానికి ఎంత అగచాట్లు పడతాండాడో చూడు. కిటికీ తెరిచినాడంటే ఈ బండి పొగే లోపలికి వస్తాది. నీకు కార్బన్ మోనాక్సైడు చెప్పింది నేనే కదరా! విషం ఆపే సామాను దొంగతనంగా పీకి, మళ్లీ దాన్ని సాయం అంటాండావా?”

సారు పరుపు మీంచే చెయ్యి ఊపారు. “పోనీలే సుభద్రా, తెలిసినపిల్లోడు.”

“తెలిసినపిల్లోడు కాబట్టే నాకు సిగ్గుగా ఉండాది,” అన్నారు మేడం. నా జీవితంలో నన్ను కొట్టినవాళ్లున్నారు, బూతులు తిట్టినవాళ్లున్నారు. ఏదీ అంత నొప్పి పెట్టలేదు.

ఆ తర్వాత మళ్లీ అదే ప్రశ్న. “సరే, ఇది ఎందుకు చెడిపోయింది?” పాతబడిందన్నాను. “పాతబడేది కారణం కాదు. ఎందుకో చూడు.” పంతం కొద్దీ ప్లగ్గులన్నీ విప్పాను. మూడోది నల్లగా, పెట్రోలుతో తడిసి ఉంది. దాని వైరు పగిలి నిప్పురవ్వ అందడం లేదు. కాలని పెట్రోలు పోయి పోయి ఆ డబ్బాలో కాలి, జాలీని కరిగించింది. ఒక్క వైరు! అది మార్చకుండా కొత్త డబ్బా పెట్టి ఉంటే ఏడాది తిరక్కుండా అదీ కరిగేది. షోరూములో ఈ మాట ఎవరూ చెప్పలేదు. పదేళ్లకు పైగా అనుభవమున్న నేనూ చూడలేదు.

గొట్టమంతా మార్చక్కర్లేదు, డబ్బా వరకు కోసి కొత్తది వెల్డింగు చేయవచ్చని లెక్క తేలింది. షోరూము ధరలో నాలుగో వంతుకే కొత్త డబ్బా ఉందని కర్నూలులో ఒక దుకాణంవాళ్లు చెబితే తెప్పించాను. మిలమిలా మెరుస్తోంది. నేను బిగించబోతుంటే మేడం దాన్ని లాక్కుని, డబ్బాకు ఒక చివర టార్చి పెట్టి, రెండో చివర కన్ను పెట్టారు. వెలుతురు నిండు గుండ్రంగా కనిపించింది. లోపల ఏమీ లేదు. రంగు పూసిన వట్టి రేకు డబ్బా! నాకు పిచ్చి కోపం వచ్చింది. ఎవరి మీదో చెప్పాలంటే సగం నా మీదే.

ఆ ఆదివారం ఇద్దరం బస్సెక్కి కర్నూలు పోయాం. దుకాణం యజమాని నవ్వుతూ, “పాత బండ్లకు అందరూ ఇదే తీస్కపోతారమ్మా. ఇంతవరకూ ఎవరూ లోపల చూడలేదు,” అన్నాడు.

“నేను చూసినా,” అన్నారు మేడం. అంతటితో ఊరుకోలేదు. వచ్చిన ప్రతి గిరాకీ ముఖం ముందు ఆ డబ్బా పట్టుకున్నారు. “ఇందులోంచి ఒకసారి చూడప్పా. ఏం కనపడతాంది?”

“మీరే కనపడతాండారమ్మా,” అన్నాడొక లారీ డ్రైవరు.

మూడో గిరాకీ కూడా నవ్వేసరికి యజమాని లోపలి గదిలోంచి మరో డబ్బా తెచ్చాడు. “జాలీ ఉండేదానికి దుడ్లు ఎక్కువైతాయి.”

“కానీ. ఉండేదానికి ఇస్తా, లేనిదానికి ఎందుకు ఇయ్యల్ల?”

అన్నీ కలిపినా షోరూము ధరలో సగం కాలేదు. మర్నాడు వెల్డింగు చేసి బిగించాను. వ్యాను పెన్న వంతెనను హాయిగా ఎక్కింది. సారు ఆ తర్వాత రెండేళ్లు బతికారు. ఆ రెండేళ్లూ ఆ బండిలోనే, కిటికీ తెరుచుకుని, ఆసుపత్రికి వచ్చిపోయారు.

డబ్బా బిగించిన రోజు కూలి చేతిలో పెడుతూ మేడం అడిగారు. “ఇట్ల ఎన్ని బండ్లకు తీసినావు?”

“పదకొండు మేడం.”

“పోయి చెప్పు వాళ్లకు.”

పోయాను. సిగ్గు చంపుకుని ఒక్కొక్కరికీ చెప్పాను. కొందరు నవ్వారు, ఒకాయన చొక్కా పట్టుకున్నాడు. పదిమంది దొరికారు. పదకొండోది రాజంపేట వైపు తిరిగే బడి వ్యాను. బడి వదిలే వేళవుతోందని డ్రైవరు తొందరపెడితే, గంట పని ముప్పావుగంటలో చేసి, శభాష్ అనిపించుకుని మరీ పంపాను. నేను వెతికే నాటికి ఆ బండి చేతులు మారింది, డ్రైవరు ఊరు మారాడు.

మేడం ఇప్పుడు లేరు. ఆవిడ వేసిన ప్రశ్న మాత్రం ప్రతి బండి కిందా నాతోపాటు దూరుతుంది. ఆ బడి వ్యాను జాలీ అమ్మిన డబ్బుతోనే నేను షెడ్డు మీద నా పేరు రాయించుకున్నాను. బోర్డు వెలిసిపోయింది, మార్చమని ఇంట్లో పోరుతున్నారు. చూసినప్పుడల్లా ఆ బడి వ్యాను గుర్తుకు రావాలనే దాన్ని అలాగే ఉంచాను. ఆ వ్యానులో ఎక్కిన పిల్లలు ఈపాటికి పెద్దవాళ్లయి ఉంటారు. వాళ్లలో ఒక్కరైనా దొరికి, ముఖం చూసి నేను చేసింది చెప్పేదాకా ఆ బోర్డు దించే హక్కు నాకు లేదు.